గడిలో పట్టని జవాబు

సాంకేతిక, టెలికాం విధానాల మీద వెలువడే పరిశోధనల్లో సహాయకుల పేర్లు చాలాసార్లు కృతజ్ఞతల దగ్గరే ఆగిపోతాయి. నిజానికి ఆ పరిశోధనకు చెవులు వాళ్ళవే. ఊళ్ళో తెలుగులో విన్నదాన్ని ఇంగ్లీషు ఫారంలోని గడుల్లోకి కుదించేది వాళ్ళే. అందుచేత ఏది మిగలాలో, ఏది రాలిపోవాలో కూడా కొంతవరకు వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

కుప్పం సంగతే చూడండి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ అప్పటి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అక్కడ 'ఐ-కమ్యూనిటీ' పథకం మొదలుపెట్టింది. గ్రామాల్లో సమాచార కేంద్రాలు వెలిశాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే ప్రింటరు పట్టుకొని ఫొటోగ్రాఫర్లయ్యారు. 2004లో సి.కె. ప్రహ్లాద్ పుస్తకం రావడంతో పేదల మార్కెట్టు గురించిన చర్చ ఊపందుకుంది. కుప్పం విదేశీ పరిశోధనా పత్రాలకెక్కింది. నేను చదివిన ఆ పత్రాలన్నీ ఇంగ్లీషువే.

కుప్పానికి ఒకవైపు తమిళనాడు, మరొకవైపు కర్ణాటక. సరిహద్దు పల్లెలో ఫోను పక్క రాష్ట్రపు టవరును పట్టుకుంటే రోమింగు చార్జీ పడే కాలం ఒకటుండేది. "సిగ్నల్ ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు "ఉంది". గడిలో టిక్కు పడుతుంది. ఎవరి టవరు, ఎంత వదిలింది అన్నదానికి గడి లేదు.

కేరళ మత్స్యకారుల మీద రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రసిద్ధం. సెల్‌ఫోను వచ్చాక వాళ్ళు ధర కనుక్కొని రేవును ఎంచుకోగలిగారు, ధరల్లో తేడాలు తగ్గాయి. ఈ సూత్రాన్ని మదనపల్లె, పుంగనూరు టమాటా రైతుకు నేరుగా అంటగట్టగలమా? ధర ఫోనులోనే తెలుస్తుంది, నిజమే. కానీ మండీలో అడ్వాన్సు తీసుకున్న రైతు సరుకును ఇంకెక్కడికి తోలగలడు? కాయ కోశాక ఎన్నాళ్ళు ఆగగలడు? "ఫోనులో ధర తెలుసుకుంటారా?" అనే గడికి ఈ బాధ పట్టదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ప్రతి ఫారంలోనూ చెప్పినవాడి మాటను తెలుగులో ఉన్నదున్నట్టు రాసుకునే చోటు ఉండాలి. పని ముగిశాక తేలిన సంగతులను రెండు పేజీల తెలుగులో ఆ పంచాయతీలోనే చదివి వినిపించాలి, తప్పులుంటే అక్కడే దిద్దించుకోవాలి. ఈ బాధ్యతను సహాయకులకు జీతంతో సహా అప్పగించాలి. జవాబు చెప్పిన మనిషికి, తన మాట చివరికి ఏమైందో తెలుసుకునే హక్కు లేదా?