గోలు పడనివ్వకపోవడం ఆట కాదా?

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం ఆటల పేజీలో ‘విదేశీ మోజు’ అని పెట్టి మీరు వేసిన వ్యాసం చదివాక నాకు మధ్యాహ్నం అన్నం సయించలేదు. మన ఫుట్‌బాల్ ఆటగాళ్లు బయట దేశాలకు వెళ్లి ఏం ఊడబొడిచారో మీ వ్యాసకర్త లెక్కలు తీశారు. డిఫెండర్ సందేశ్ ఝింగన్ దగ్గరికొచ్చేసరికి ఒక్క ముక్కలో తేల్చేశారు: క్రొయేషియా వెళ్లాడు, మ్యాచ్ ఆడలేదు, తిరిగొచ్చాడు. పక్కన పట్టిక, అందులో ‘గోల్స్’ అని ఒక గడి, ఆ గడిలో సున్నా. స్టాపర్ బ్యాక్‌కి గోల్స్ గడేమిటండీ?

ఝింగన్ షిబెనిక్ క్లబ్బుకి వెళ్లింది 2021 ఆగస్టులో. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు. అంతకుముందు మోకాలి దెబ్బతో 2019-20 సీజన్ మొత్తం పోగొట్టుకుని, లేచి, మోహన్ బగాన్‌కి ఆడి, ఆ 2020-21కి దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడనిపించుకున్నాడు. కోల్‌కతాలోనే ఉంటే జీతానికి లోటు లేదు, చప్పట్లకు లోటు లేదు. అవన్నీ వదులుకుని ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున తన పేరు కూడా సరిగా పలకని ఊరికి వెళ్లాడు. వెళ్లగానే పిక్క కండరం దెబ్బతింది. 2022 జనవరిలో వెనక్కొచ్చాడు. ఇందులో మోజెక్కడుంది? దెబ్బ తగలడం తప్పా?

ఆయన పనితనం చూడాలంటే మీరు క్రొయేషియా దాకా పోనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 10, దోహా. ఎదురుగా ఖతార్, ఆ ఏడాదే ఆసియా కప్పు కొట్టిన జట్టు. మనకు కెప్టెన్ ఛెత్రీ లేడు, జ్వరం. ఆట 0-0తో ముగిసింది. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్‌ని అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. అతని ముందు తొంభై నిమిషాలూ ఝింగన్, ఆదిల్ ఖాన్ అడ్డం పడుతూనే ఉన్నారు. ఆ సున్నాని మీ పట్టికలో ఏ గడిలో వేస్తారు? పాతకాలం సంగతీ అంతే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ అనగానే ఆస్ట్రేలియా మీద నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చెబుతారు. ఆ జట్టులో మన హైదరాబాద్ ఫుల్‌బ్యాక్ అజీజుద్దీన్ ఉన్నాడని ఏ పత్రికైనా గుర్తుచేసిందా? మా జిల్లా వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్‌లో ఎత్తింది 240 కిలోలు, రాసుకోవడం తేలిక. బ్యాక్ ఆపినదాన్ని తూచే కాటా ఇంకా రాలేదు మరి!

నాకింత మంట ఎందుకంటే చెబుతాను. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. మా మనవరాలికి బ్యాక్ ఆట నేనే నేర్పాను. బంతి మీద పడిపోకూడదు, ఎదురొచ్చే పిల్లకి చెయ్యి దూరంలో నిలబడి, మెల్లగా పక్క గీత వైపు తోలుకుపోవాలి. తోలగా తోలగా ఇక సందు లేక బంతి బయటికి పోతుంది. చూసేవాళ్లకి అందులో ఏమీ కనపడదు. ఆ పిల్లని జట్టు సెలెక్షన్‌కి వేరే ఊరు తీసుకెళ్లాను. ఊరి పేరు, ఎంపిక చేసిన వారి పేరు రాయను, గొడవలొద్దు. ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన, ముందు టేబులు, టేబులు మీద ఫారాలు. పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, ఆ తర్వాత ‘గోల్స్’. మా పిల్ల నిజాయితీగా సున్నా వేసింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, “గోళ్లు లేవు గదా, ఇన్నాళ్లూ ఏటి చేసినావమ్మా?” అన్నాడు. “మా మీద గోళ్లు పడలేదు సార్” అంది పిల్ల. పక్కనున్నవాళ్లు గొల్లుమన్నారు. జట్టంతా ఫార్వర్డ్‌లే వెళ్లారు. వెళ్లి తొలి ఆటలోనే సంచీ నిండా గోల్స్ మోసుకొచ్చారు, అవతలివాళ్లు కొట్టినవి. మా పిల్ల ఇప్పుడు ఖోఖోకి మారిపోయింది. ఆ ఫారం అచ్చు వేయించినాయనా మీ పట్టిక గీసినాయనా ఒక బడిలో చదువుకున్నట్టున్నారు.

ఇదొకటైతే, మా కోటబొమ్మాళికి మీరు పంపే ఎడిషన్ ఇంకొకటి. రాత్రి మ్యాచ్ అయితే చాలు, ‘కడపటి వార్తలు అందేసరికి’ అని ఉంటుంది. ఆ మ్యాచ్ ఫలితం ఎల్లుండి పేపర్లో వస్తుంది, అదీ క్రికెట్‌కి పోను జాగా మిగిలితే. ఐపీఎల్ నెలల్లో ఆటగాళ్ల జుట్టు కత్తిరింపులకి కూడా పావు పేజీ ఇచ్చారు. చందా మాత్రం అందరితో సమానంగానే కడుతున్నాం.

అసలు సంగతికొస్తాను. తెలుగువాళ్లెవరూ బయటికెళ్లి ఆడలేదని కూడా మీ వ్యాసంలో ఉంది. ఝింగన్ వెళ్లిన మరుసటి ఏడాది, 2022లో, అదే క్రొయేషియాకి నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ వెళ్లింది. డినామో జాగ్రెబ్ మహిళల జట్టు ఆమెని, జ్యోతి చౌహాన్‌ని తీసుకుంది. సౌమ్య ఫార్వర్డ్ కూడానూ, మీ గడి నింపడానికి పనికొచ్చే మనిషే! తెలుగు మూలాలున్న మారిషస్ కుటుంబంలో పుట్టి, ఫ్రాన్స్ తరఫున 2006 ప్రపంచ కప్పుకి వెళ్లిన వికాస్ ధొరాసూ సంగతి ఎత్తనే ఎత్తలేదు. ఆ టోర్నీలో ఎక్కువ భాగం ఆయన బెంచీ మీదే గడిపాడు, ఆ బెంచీ బతుకునే కెమెరాతో తీసి సినిమాగా విడుదల చేశాడు. ఆడకుండా కూర్చోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమేనని మీ వ్యాసకర్తకి ఆ సినిమా చూపించండి.

ఉత్తరం పొడుగైందని కత్తిరించేటట్టయితే ఎడిషన్ గొడవ తీసెయ్యండి, ఎలాగూ తీసేస్తారు. సౌమ్య పేరూ, దోహా స్కోరూ మాత్రం ఉంచండి.

— ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
కోటబొమ్మాళి, శ్రీకాకుళం జిల్లా