చచ్చినోళ్ల లెక్క ఎవరు రాస్తారు?

యుద్ధం అయ్యాక గెలిచినోడు ముందు చేసే పని తన శవాలు లెక్కపెట్టుకోవడం. అవతలోళ్ల శవాలు లెక్కపెట్టడం వాడి పని కాదట. శవాల లెక్కలు మేం చూడమని 2002లో అఫ్ఘనిస్తాన్‌లో అమెరికా జనరల్ టామీ ఫ్రాంక్స్ విలేకరులకు దాపరికం లేకుండానే చెప్పాడు. దీన్ని నోరు జారిన మాటని మేము అనుకోవడం లేదు. అది వాళ్ల పద్ధతి.

ఇరాక్ సంగతే చూడండి. 1991లో ముప్పైకి పైగా దేశాలు 'సంకీర్ణ సేన' పేరుతో ఆ దేశం మీద పడ్డాయి. కువైట్‌ను ఆక్రమించిన సద్దాంను, 1988లో హలబ్జాలో కుర్దుల మీద విషవాయువు వదిలిన సద్దాంను మేము వెనకేసుకు రావడం లేదు. కానీ ఫిబ్రవరి 13 తెల్లవారుజామున బాగ్దాద్ అమీరియా షెల్టర్‌లో పడుకున్న ఆడవాళ్లూ పిల్లలూ ఏ దేశాన్ని ఆక్రమించారు? మొదటి బాంబు పైకప్పుకు బొక్క పెట్టింది. రెండోది ఆ బొక్కలోంచి దూరి లోపల పేలింది. నాలుగు వందల మందికి పైగా మాడిపోయారు. మా బాంబులు గురి తప్పవని టీవీల్లో ఊదరగొట్టారు గదా. నిజమే, తప్పలేదు.

2003లో మళ్లీ వచ్చారు. ఉన్నాయన్న ఆయుధాలు దొరకలేదు. అమెరికా సైనికులు దాదాపు 4,500 మంది, బ్రిటన్ వాళ్లు 179 మంది చచ్చారు. వాళ్ల పేరు, వయసు, ఊరు, హోదా అన్నీ రాసిపెట్టారు. రాయాల్సిందే. ఆ కుర్రాళ్ల మీద మాకేం కోపం లేదు. వాళ్లలో మనలాంటోళ్లే ఎక్కువ. 1991లో గల్ఫ్‌కు పంపిన అమెరికా సైనికుల్లో ఇంచుమించు అయిదో వంతు నల్లవాళ్లు. దేశ జనాభాలో వాళ్లు ఎనిమిదో వంతే! 2003లో మొదటి రోజుల్లోనే చచ్చిన వాళ్లలో అమెరికా పౌరసత్వం కూడా లేనోళ్లున్నారు. చచ్చాక కాగితం ఇచ్చారు.

మరి ఇరాకీల లెక్కో? లెక్క చూడం అన్నవాళ్లే లోపల్లోపల రాసుకున్నారని 2010లో వికీలీక్స్ బయటపెట్టిన సైనిక కాగితాల్లో తేలింది. చచ్చిన పౌరులు 66,081 మంది అని వాళ్ల రాతే చెప్పింది. పత్రికల వార్తలు ఏరి కూర్చిన 'ఇరాక్ బాడీ కౌంట్' లెక్కలో చూస్తే లక్షా ఎనభై వేలు దాటింది. ఎవరూ రాయని చావు ఈ రెంటిలోనూ లేదు.

కొన్ని చావులకు రెండున్నర వేల డాలర్ల దాకా చేతిలో పెట్టారు, తప్పు మాదని ఒప్పుకోకుండానే. ఎక్స్‌గ్రేషియా ఇచ్చి కేసు ఊసెత్తొద్దనడం మన పల్లెలకు కొత్తా? 2007లో బాగ్దాద్ నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ కంపెనీ గార్డులు 17 మందిని కాల్చేశారు. నలుగురికి శిక్ష పడింది. 2020 డిసెంబరులో ట్రంప్ నలుగురికీ క్షమాభిక్ష పెట్టాడు.

ఇక ఎవరి లెక్కలోకీ రానోళ్ల సంగతి. సైన్యం ఊరైతే దానికో వాడ కూడా ఉంటుంది. వంట చేసేదీ, బట్టలుతికేదీ, పాయిఖానాలు కడిగేదీ నేపాల్, ఇండియా, బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్ కూలీలు. సైన్యం భాషలో వీళ్లు 'మూడో దేశపోళ్లు'. వీళ్లు చస్తే సైనిక మృతుల జాబితాలో కలవరు. జోర్డాన్ హోటల్లో పని అని చెప్పి ఏజెంట్లు అప్పులు చేయించి తీసుకుపోయిన 12 మంది నేపాలీలను అమెరికా వైమానిక స్థావరంలో పనికని ఇరాక్ దాటించారు. 2004 ఆగస్టులో దారిలోనే మిలిటెంట్లు పట్టుకుని చంపేశారు. వాళ్లు ఏ పక్షాన యుద్ధం చేశారో ఎవరన్నా చెప్పండి! 2003 జులైలో అమెరికా అడిగినా మన ప్రభుత్వం సైన్యాన్ని పంపలేదు, మంచిదే. కూలీలు మాత్రం వెళ్లారు.

గల్ఫ్ యుద్ధమంటే మన ఇళ్లకు తెలియనిది కాదు. 1990లో కువైట్ నుంచి లక్షా డెబ్బై వేల మంది భారతీయులను విమానాల్లో తెచ్చారు. అందులో మన కడప, గోదావరి జిల్లాల వాళ్లూ ఉన్నారు. పరాయి ఇళ్లలో అంట్లు తోమిన ఆడవాళ్లు అమ్మాన్ దాకా ఎడారి దాటి, కట్టుబట్టలతో దిగారు. వెళ్లేటప్పుడు చేసిన అప్పు మాత్రం ఇంటి దగ్గరే కాచుకుని ఉంది.

ఇంకో మాట చెప్పి ఆపుతాం. మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే ఇరాక్‌కు, అప్పటి మెసపొటేమియాకు, బ్రిటిష్‌వాళ్లు లక్షల మంది మనోళ్లను తోలారు. సిపాయిల వెంట నీళ్లు మోసినోళ్లు, పాకీపని చేసినోళ్లూ పోయారు. అక్కడ చచ్చిన నలభై వేలకు పైగా సైనికుల కోసం బస్రాలో ఒక స్మారకం కట్టారు. బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు. ఇండియన్ ఆఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు సిపాయికి పేరు లేదు. ఫలానా రెజిమెంటు, ఇంతమంది అని అంకె వేశారు. ఇలాంటి వివక్ష జరిగిందని ఒప్పుకుని ఆ స్మారకాల సంస్థ 2021లో క్షమాపణ చెప్పింది. నూరేళ్లు పట్టింది. ఆ అంకెల్లో ఎవరి ముత్తాత ఎక్కడున్నాడో?