అద్దె కట్టే పిల్లలకే ఇల్లు అప్పగిస్తే

ఇంటర్ కాగానే ఉట్నూరు, నార్నూరు పిల్లలు ఆదిలాబాద్‌కు వస్తారు, మంథని, హుజూరాబాద్ పిల్లలు కరీంనగర్ చేరుతారు. హాస్టల్ సీటు దొరకనివాళ్లు నలుగురైదుగురు కలిసి రూం తీసుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న బియ్యం వండుకుంటారు. డిగ్రీ మూడేళ్లూ అద్దె కడతారు. వెళ్లేనాడు ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా తర్వాత వచ్చే విద్యార్థికి పనికిరాదు.

అదే అద్దె విద్యార్థుల సొంత సంఘానికి కడితే? ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1933లో, అమెరికాలోని బర్క్‌లీలో 14 మంది విద్యార్థులు ఈ పనే చేశారు. ఇప్పుడు ఆ సహకార సంఘంలో వెయ్యిమందికి పైగా ఉంటున్నారు. మనిషికో ఓటు. అద్దె ఎంతో, మెస్‌లో ఏం వండాలో వాళ్లే తేల్చుకుంటారు. వంట, ఊడ్చడం, అంట్లు తోమడం లాంటి పనులు వారానికి ఐదు గంటలు చేయాలి. లాభం అడిగే ఓనర్ లేడు కాబట్టి మిగిలిన సొమ్ము మరమ్మతులకు, కొత్త ఇళ్లకు పోతుంది.

మన స్కాలర్‌షిప్ నిబంధనల్లోనూ విద్యార్థులే నడుపుకునే హాస్టళ్లకు ఒక తరగతి ఉంది. అయితే అది మెస్ ఖర్చుల దగ్గరే ఆగిపోయింది. ఇంటిమీద విద్యార్థికి హక్కు రాలేదు.

సహకారం ఈ నేలకు కొత్తది కాదు. అప్పటి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో విశ్వనాథరెడ్డి 1956లో రైతులతో మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు ఇవాళ్టికీ నడుస్తోంది. అక్కడే 2000లో మహిళలు సొంత డెయిరీ పెట్టుకున్నారు. సర్కారు వాటా లేకుండా సంఘం పెట్టుకునే వీలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంతో వచ్చింది.

అసలు చిక్కు వేరే ఉంది. ముల్కనూరు రైతు బతికినన్నాళ్లూ సభ్యుడే, విద్యార్థి మూడేళ్లకే వెళ్లిపోతాడు. లెక్కలు నేర్చినవాడు పరీక్షలు రాసి ఊరికి పోతే పుస్తకం చూసేదెవరు? అందుకే బర్క్‌లీలో జీతం మీద పనిచేసే సిబ్బంది ఉన్నారు. ఇక్కడా ఒక అకౌంటెంట్, పాలకవర్గంలో పూర్వ విద్యార్థులు, ఏటా ఆడిట్ ఉండాలి. ఇవి లేకుండా సంఘం పెట్టడం పిల్లల డబ్బును గాలికి వదిలేయడమే.

ఇల్లు కొననక్కర్లేదు. 2014లో మొదలైన ఎడిన్‌బరో విద్యార్థుల సంఘం 106 మందికి భవనాలను లీజుకే తీసుకుంది. శాతవాహన యూనివర్సిటీ, కరీంనగర్ జిల్లా సహకార కేంద్ర బ్యాంకు కలిసి ఒక్క భవనంతో మొదలుపెట్టాలి. మొదటి అవకాశం అమ్మాయిలకివ్వాలి, భద్రమైన చోటు లేదని చదువు మాన్పించేది ముందుగా వాళ్లనే.