ప్రతిజ్ఞను సరుకుల చీటీలో వ్రాయండి

జనవరి ఒకటో తేదీ వచ్చిందంటే ఆసుపత్రికి వచ్చేవారి మాటల్లో కొత్త ఉత్సాహం వినిపిస్తుంది. "రేపట్నుంచీ అన్నం ముట్టను సార్" అని ఒకరు, "ఈ ఏడు చక్కెర బంద్" అని ఇంకొకరు, "నూనె వాసన కూడా చూడను" అని మరొకరు శపథాలు చేస్తూ ఉంటారు. సంతోషించవలసిన విషయమే. కాని రెండు వారాలు తిరక్కుండానే సంక్రాంతి వస్తుంది. అరిసెల డబ్బా మూత తీయగానే శపథం కాస్తా సడలిపోతుంది. "ఎలాగూ తప్పాం గదా, ఇక ఉగాదికి చూద్దాం" అనుకుంటారు.

ఇలా తప్పినవారిని మనోబలం లేనివారని నిందించడం న్యాయం కాదు. ఆలోచించి చూడండి. మన ఇళ్ళలో శపథం పట్టేది ఒకరు, సరుకులు తెచ్చేది ఒకరు, వంట చేసేది మరొకరు. ఇంటాయన ఉప్పు తగ్గించాలనుకుంటాడు. ఆ సంగతి పప్పులో ఉప్పు వేసే చేతికి తెలియదు. తెలిసినా, పిల్లలకు చప్పగా ఉంటుందని పాత కొలతే వేస్తుంది. ఒక్కరి కోసం వేరే వంట ఎన్నాళ్ళు చేస్తారు? కనుక ఈ సంవత్సరం మీ ప్రతిజ్ఞను డైరీలో వ్రాయకండి. నెల మొదటి వారంలో కొట్టుకు తీసుకువెళ్ళే సరుకుల చీటీలో వ్రాయండి. ఇంట్లోకి రాని వస్తువు కంచంలోకి రాదు.

మూడు ఊళ్ళు, ఒకే జబ్బు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే జిల్లాలో ఉన్నా మూడింటి బ్రతుకుతెరువులు వేరు. హిందూపురంలో చింతపండు, బెల్లం, మిరపకాయల వ్యాపారం. ప్రొద్దున నుంచి రాత్రి దాకా అంగట్లో కూర్చోవడం. ధర్మవరంలో పట్టుచీరల నేత. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి గంటల తరబడి వంగి కూర్చోవడం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కార్ల తయారీ మొదలయ్యాక చుట్టుపక్కల పల్లెల యువకులెందరికో షిఫ్టుల జీవితం అలవాటైంది. పనులు వేరైనా, ముగ్గురి రక్తం పరీక్ష చేస్తే చక్కెర ఎక్కువగా కనిపించడం మాకు ఇప్పుడు మామూలైపోయింది. రక్తపోటు సంగతీ అంతే.

ఇది మన ఒక్క ప్రాంతపు ముచ్చట కాదు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం మన దేశంలో చక్కెర వ్యాధి ఉన్నవారు సుమారు 10 కోట్ల మంది. దాని అంచున నిలబడి ఉన్నవారు మరో 13 కోట్ల పైచిలుకు. రక్తపోటు ఉన్నవారు 31 కోట్లకు మించి ఉన్నారు.

మన పెద్దలు తిన్నది రాగి, కొర్ర, సజ్జ, జొన్న. వానలు సరిగ్గా పడని ఈ మెట్ట నేలలో పండేవి అవే. తరువాత వేరుశనగ వచ్చి పొలాలను ఆక్రమించింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. గంజితో సరిపెట్టుకున్న ఇళ్ళలో అది కడుపులు నింపింది. ఆనాటి రోజులన్నీ ఆరోగ్యపు రోజులని కూడా అనుకోకండి. కరువులూ, పోషకాహార లోపాలూ మనవాళ్ళను బాగానే బాధించాయి. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఒంటి కష్టం తగ్గిపోయింది. కంచంలో అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు. ప్రొద్దున చిత్రాన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. ఉగ్గాని తిన్నా అది బొరుగులే; బొరుగులంటే బియ్యమే గదా!

చీటీ ఎలా ఉండాలి?

ఇంట్లో నలుగురు పెద్దవాళ్ళు, అందరూ ఎక్కువ భాగం కూర్చొని పనిచేసేవారు అనుకుందాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలను దగ్గర పెట్టుకొని నెలకు లెక్క వేద్దాం.

ధాన్యాలు మనిషికి రోజుకు సుమారు 250 గ్రాములు. నలుగురికి నెలకు 30 కిలోలు. బియ్యం, గోధుమపిండి, రవ్వ, రాగులు అన్నీ ఇందులోకే వస్తాయి. చౌక దుకాణంలో మనిషికి 5 కిలోల చొప్పున బియ్యం వచ్చే ఇంటికి 20 కిలోలు అక్కడే సరిపోయాయి. మిగతా 10 కిలోలూ రాగులు, జొన్నలు, కొర్రలుగా తెచ్చుకోండి. పైన ఇంకో మూట బియ్యం కొనవలసిన పని లేదు.

పప్పుదినుసులు నలుగురికి నెలకు సుమారు 10 కిలోలు. ఉలిక్కిపడుతున్నారా? చాలా ఇళ్ళ చీటీల్లో బియ్యం మూటలకు మూటలు ఉంటుంది, పప్పు మూడు నాలుగు కిలోల దగ్గర ఆగిపోతుంది. మాంసకృత్తుల లోటు ఇక్కడే పడుతున్నది. అంతా కందిపప్పే కానక్కరలేదు. ఉలవలు, అలసందలు, పెసలు, శనగలు కలుపుకోండి. ఉలవ గుగ్గిళ్ళు మన ప్రాంతానికి కొత్తవి కావు. మాంసం, గ్రుడ్లు తినే ఇళ్ళలో పప్పు కొంత తగ్గినా ఫరవాలేదు.

నూనె నలుగురికి నెలకు మూడు లీటర్లు. నూనె ఏ రకమన్నది తరువాతి సంగతి. ముందు ఎంత అన్నది చూడండి. ఒకసారి కాచిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచకండి.

ఉప్పు మనిషికి రోజుకు 5 గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే తలగొట్టిన ఒక చిన్న చెంచా. నలుగురికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్టు విప్పిన రోజున దాని మీద తేదీ వ్రాయండి. అది 50 రోజులు రావాలి. ముప్పై రోజులకే అయిపోతే ఎవరినీ అడగనక్కరలేదు, ప్యాకెట్టే సాక్ష్యం చెబుతుంది. ఊరగాయ, అప్పడాలు, చిప్సుల్లో ఉన్న ఉప్పు దీనికి అదనం. వాడేది అయోడిన్ కలిపిన ఉప్పే కావాలి. సోడియం తగ్గించామని చెప్పి అమ్మే ఉప్పులలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటు మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా వాటి జోలికి పోరాదు.

చక్కెర, బెల్లం రెండూ కలిపి నలుగురికి నెలకు మూడు కిలోలు ఆఖరి హద్దు. ఇంతకు తగ్గితే మరీ మంచిది. బిస్కట్లు, మిఠాయిలు, కూల్ డ్రింకుల్లోని తీపి కూడా ఈ లెక్కలోదే. బెల్లం తింటే చక్కెర వ్యాధి పెరగదన్న నమ్మకం ఒకటి ఉంది. అది సరికాదు. రక్తంలోకి వెళ్ళాక రెండూ చేసే పని ఒకటే.

ఇక కూరగాయలు. ఆకుకూరలతో కలిపి మనిషికి రోజుకు 400 గ్రాములు ఉండాలంటారు. ఒక్కసారిగా అంత కొనలేకపోతే ఇప్పుడు తెచ్చేదానికి రోజుకు అర కిలో కలపండి. గోంగూర, తోటకూర, మునగాకు ఏ సంతలోనైనా దొరికేవే.

ఈ లెక్క రాళ్ళు కొట్టేవారికి, పొలం పనికి వెళ్ళేవారికి, ఎదిగే పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు చాలదు. వారికి ఇంకా ఎక్కువ ఆహారం కావాలి.

రాగి ముద్ద మందు కాదు

"రాగిసంగటి ఎంత తిన్నా షుగరు రాదంట గదా సార్?" అని ఎందరో అడుగుతుంటారు. రాగి మంచి ధాన్యమే. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా సున్నం అంటే కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా ఉండటం కష్టం. పీచు పదార్థం కూడా రాగుల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా రాగిలోనూ అధికభాగం పిండిపదార్థమే. పైగా సంగటిలో మనం నూకలు వేస్తాం. అన్నం తగ్గించి దాని స్థానంలో ముద్ద తింటే లాభం. అన్నం తిని, పైన ముద్ద తింటే నష్టం. మెత్తగా పట్టించిన పిండితో పలుచగా కాచిన జావ రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది, జాగ్రత్త. ముద్ద పిడికిలికి కొంచెం పెద్దదిగా ఉండాలి. పక్కన ఆకుకూర పప్పో, ఉలవచారో నిండుగా ఉండాలి. ఊరుబిండి రుచికి తగినంత చాలు. వేరుశనగ గింజలు రోజుకు ఒక గుప్పెడు మంచి ఆహారమే, కాని వంద గ్రాములు తింటే ఒక పూట భోజనమంత శక్తి ఒంట్లో చేరుతుంది.

మిగిలిన అన్నం ఎవరు తింటున్నారు?

ఈ ప్రశ్నను ఇంటి యజమానులు ఒక్కసారి వేసుకోవాలి. అందరూ తిన్నాక పప్పూ కూరా అడుగంటుతాయి. అన్నం మాత్రం మిగులుతుంది. పారవేయడం పాపమని ఇల్లాలు ఆ అన్నాన్ని ఇంత మజ్జిగతోనో, పచ్చడి మెతుకుగానో తిని లేస్తుంది. ఫలితంగా ఆమెకు ఒళ్ళు వస్తుంది, రక్తం మాత్రం పట్టదు. లావుగా ఉన్న మనిషికి రక్తహీనత ఏమిటని ఇంట్లోవారు ఆశ్చర్యపోతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని తేలింది. కొలిచి వండితే మిగలదు. అందరూ కలిసి కూర్చుంటే పప్పూ, ఆకుకూరా ఆమె కంచంలోనూ పడతాయి. ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ త్రాగితే ఆ లాభం పోతుంది. ఒక గంట ఆగండి.

కూర్చునేవారికి, రాత్రి మేలుకొనేవారికి

నేత పనివారు అరగంటకో, ముప్పావు గంటకో ఒకసారి గుంటలోంచి పైకి లేచి నాలుగడుగులు నడవాలి. లేవవలసి వస్తుందని నీళ్ళు త్రాగకుండా కూర్చోవడం మంచిది కాదు. మన ఎండలకు మూత్రకోశంలో రాళ్ళు తయారవుతాయి. చెంబు మగ్గం దగ్గరే పెట్టుకోండి. అంగట్లో కూర్చునేవారు వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట వేగంగా నడిస్తే చాలు. నలభై దాటినవారు, నడిస్తే గుండెలో బరువుగా అనిపించేవారు పెనుకొండ కొండ ఎక్కడంతో మొదలుపెట్టకండి. ముందు డాక్టరుకు చూపించుకోండి.

రాత్రి షిఫ్టువారు బయలుదేరే ముందే భోజనం ముగించాలి. అర్ధరాత్రి దాటాక ఆకలైతే ఉడికించిన శనగలో, పండో, మజ్జిగో తీసుకోండి. బిర్యానీలు, బజ్జీలు వద్దు. తెల్లవారి వచ్చాక గది చీకటి చేసుకొని ఏడు గంటలు నిద్రపోవాలి. ఆ నిద్రను కాపాడే బాధ్యత ఇంట్లో అందరిదీ.

బీడీ, సిగరెట్టు, గుట్కా, సారాయి విషయంలో మాత్రం కొలతలు లేవు. పూర్తిగా మానడమే. త్రాగుడు ఏళ్ళ తరబడి అలవాటైనవారు డాక్టరు సలహాతో మానాలి. ఒక్కసారిగా ఆపితే కొందరికి వణుకు, ఫిట్స్ రావచ్చు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

చక్కెర వ్యాధికి మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవారు కొత్త సంవత్సరపు ఉత్సాహంలో ఉన్నట్టుండి అన్నం మానకండి. ఉపవాసాలు చేయకండి. మందు మామూలుగా వేసుకొని తిండి మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక మాటలు దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. ఆహారం తగ్గించే ముందే మందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడండి. బాగానే ఉన్నదని మందులు మీ అంతట మీరు ఆపడమూ అంతే ప్రమాదం.

ముప్పై ఏండ్లు దాటిన ప్రతివారూ ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపోటు, చక్కెర ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు. రక్తపోటు 140/90, పరగడుపున చక్కెర 126 లేదా అంతకు మించితే మరోసారి చూపించి నిర్ధారణ చేసుకోవాలి. చక్కెర 100కూ 125కూ మధ్య ఉంటే అంచున ఉన్నారన్నమాట. తిండి, నడకలతో వెనక్కు రావడానికి అదే మంచి సమయం. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే అదీ ఒక హెచ్చరికే.

"మరి పండుగలు?" అంటారేమో. పండుగనాడు అరిసె తినండి, ఓళిగ తినండి. ఒక్కరోజు ఓళిగతో ఎవరికీ జబ్బు రాదు. చక్కెర వ్యాధి ఉన్నవారు ఒకదానితో ఆపి, ఆ పూట అన్నం తగ్గించుకుంటే చాలు. చిక్కంతా పండుగ వెళ్ళాక వారం రోజులు నిండుగా ఉండే డబ్బాతోనే. ఆ డబ్బాను ఇరుగుపొరుగు పిల్లలకు పంచిపెట్టండి.

ఉగాదికి ఇంకా మూడు నెలల దాకా వ్యవధి ఉంది. ప్రతి నెల చీటీనీ పారవేయకుండా గోడ మేకుకు గుచ్చి ఉంచండి. ఉగాదినాడు వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. బియ్యం, నూనె, ఉప్పు, చక్కెర అంకెలు కొంచెం దిగి, పప్పు, రాగుల అంకెలు కొంచెం పెరిగి ఉంటే మీ ప్రతిజ్ఞ నిలిచినట్టే. ఒక నెల తప్పితే దిగులు పడకండి. మరుసటి నెల చీటీ వ్రాసేటప్పుడు సరిదిద్దుకోండి.