పనీర్ తినండి, లెక్క కూడా అడగండి

మా చిన్నప్పుడు పాలు విరిగిపోతే అమ్మ బెల్లం వేసి ఉడికించి పెట్టేది. అంతేగానీ కావాలని పాలు విరగ్గొట్టే అలవాటు మన ఇళ్లలో లేదు. పక్కనున్న ఒడిశా, ఆపైన బెంగాల్ వాళ్లు విరగ్గొట్టిన పాలతో రసగుల్లా చేసుకున్నారు. మనది పెరుగు, మజ్జిగ, నెయ్యి. గేదె ఈనితే జున్ను. పనీర్ పంజాబ్, ఢిల్లీ వైపు నుంచి దాబాలు, హోటళ్లతో పాటు వచ్చింది. ఇప్పుడు పల్లెటూరి పెళ్లిలోనూ పనీర్ కూర ఉండాల్సిందే. పిల్లలకైతే పిజ్జా మీద చీజ్.

మంచిదే, పాలకు గిరాకీ పెరిగితే మాకేగా లాభం. కానీ ఒక లెక్క చూడండి. కిలో పనీర్‌కి దాదాపు 5 లీటర్ల గేదె పాలు కావాలి. లీటరు 50 రూపాయలనుకున్నా పాలకే 250. మరి ఎవరైనా కిలో 200కే ఇస్తామంటే అందులో ఏముంటుంది? పాలకొవ్వు బదులు పామాయిల్ వేసిన సరుకు అయ్యుండొచ్చు. దాన్ని పనీర్ పేరుతో అమ్మకూడదని నిబంధన ఉంది.

మా పాలకైతే రోజూ వెన్న శాతం చూస్తారు, కాస్త తగ్గినా రేటు కోస్తారు. ఆ నూనె ముద్దకు రోజూ పరీక్ష ఎవరు పెడుతున్నారు?

తినొద్దని అనట్లేదండీ. ప్యాకెట్ తిప్పి చదవండి. విడిగా కొంటే పాలదా, నూనెదా అని గట్టిగా అడగండి. మీరు అడిగితేనే మా పాలకు విలువ.