మామిడిపూతయు ఈగలును

మామిడితోట యెవరిదని యడిగినచో పట్టాలో పేరున్నవానినే యెల్లరును చూపుదురు. కాని పూత విచ్చిన దినములలో ఆ తోటయందు ఎక్కువ పని చేయునది ఈగ. ఈ మాటకు నవ్వు వచ్చుట సహజమే. తేనెటీగను కవులు పొగడిరి. ఈగను అందరును తోలుదురు.

పూగుత్తి నొకదానిని పరిశీలింపుడు. అందు వందలకొలది, ఒక్కొక్కప్పుడు వేలకొలది చిన్నపూవులుండును. వానిలో పెక్కు మగపూవులు. వానికి కాయ పట్టదు. తక్కినవానియందు అండాశయమును కేసరమును కూడ నుండును. పుప్పొడి జిగటగా నుండుటచే గాలి దానిని అంతగా మోయజాలదు. ఈగలు, తేనెటీగలు, చిన్న పెంకుపురుగులు ఒడలి కంటించుకొని మోయవలసినదే. ఇంత జరిగినను గుత్తికి రెండు మూడు కాయలు నిలిచినచో రైతు తృప్తి చెందును. దశేరి, లంగ్డా, చౌసా వంటి ఉత్తరదేశపు రకములకు తమ పుప్పొడి తమకు పనికిరాదు. ప్రక్కన వేరొక రకపు చెట్టుండవలెను. ఆ చెట్టుపై వ్రాలి యీ చెట్టునకు వచ్చు పురుగును ఉండవలెను.

కాపు తప్పుటకు పురుగుల లేమి యొక్కటియే కారణమనుట న్యాయము కాదు. పొగమంచు, అకాలవర్షము, బూడిద తెగులు, ఒక యేడు విడిచి యొక యేడు కాయు చెట్టు స్వభావము ఇవియు గలవు. మంచును వానను రైతు ఆపలేడు. ఈగలను మాత్రము తానే చంపుకొనుచున్నాడు. తేనెమంచు పురుగు పూతను పాడుచేయుట నిజము. మందు చల్లక తప్పని యేండ్లును గలవు. అయినను పూవులు విచ్చక మునుపు చల్లవచ్చును, పిందె బఠాణిగింజంత యైన పిదప చల్లవచ్చును. నిండుపూతలో చల్లినచో పూతను తినునదియు, పూతను పండించునదియు కలిసియే చచ్చును. పొరుగువాడు చల్లెనను భయమే పెక్కుచోట్ల ఈ తొందరకు మూలము.

చైనాదేశమందలి హన్యువాన్ ప్రాంతమున బేరిచెట్ల కెక్కి మనుష్యులే పూవు పూవునకు పుప్పొడి నద్దుదురు. పూతకాలమున మందులు చల్లుటచే తేనెటీగలను పెంచువారు తమ పెట్టెలను అచ్చటికి తెచ్చుటకు వెనుదీసిరి. కూలి పెరిగిన కొలది ఆ సేద్యము భారమగుచున్నది.

కాపు నిలకడకు ఒకే జాతి పురుగు చాలదు. చలికి తేనెటీగ వెలువడని ఉదయమున ఈగ తిరుగవచ్చును. ఇన్ని జాతులు నిలుచుటకు గట్లమీది పిచ్చిమొక్కలు, పొదలు, ఎండుటాకులు ఉండవలెను. తోటను అద్దమువలె చెక్కి శుభ్రపరచువారు ఈ సంగతి తలపరు. తైవానులో మామిడిరైతులు ఈగలను పెంచి తోటలలో విడుతురు. ఇంటి వాకిట పేడకుప్ప ఆరోగ్యమునకు హానియే; తోట మూలనున్న కుప్ప సంగతి వేరు.