సుశ్రుతుని పేరు చెప్పుకొనుట

గతమాసమున మా యెరుకలోని యొక వృద్ధుడు కాలధర్మము నొందెను. తన దేహమును వైద్యకళాశాల కొసగవలెనని యాయన బ్రతికియుండగనే వ్రాసి సంతకము చేసియుండెను. కుమారులు వినలేదు. కోసి ముక్కలు చేయుదురట, ఉత్తమగతు లెట్లు కలుగునని దహనము గావించిరి. పదమూడవనాటి సభలో జ్యేష్ఠపుత్రుడే లేచి, శస్త్రవైద్యమునకు పుట్టినిల్లు మన దేశమనియు, సుశ్రుతుని ముందర పాశ్చాత్యు లెంతవారనియు గంటసేపు ప్రసంగించెను. మేమును తల యూచి వచ్చితిమి. ఆ తల యూచినందుకు సిగ్గుపడియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సుశ్రుతు డేమి చెప్పెను? శారీరస్థానమును తెరచి చూచినవా రెందరు? అవయవలోపము లేనిదియు, విషముచే గాని దీర్ఘరోగముచే గాని మరణింపనిదియు నగు శవమును తెచ్చి, ప్రేగులలోని మలమును తొలగించి, ముంజగడ్డి మొదలగువానితో చుట్టి, పంజరమున నుంచి, వడిలేని యేటినీట మరుగుచోట నాననిచ్చి, యేడు రాత్రులు గడచిన పిమ్మట వట్టివేళ్ల కుంచెలతో మెల్లమెల్లగా రాచుచు, చర్మము మొదలు లోపలి యంగములన్నింటిని కన్నులార చూడవలెనని యాయన విధి. మడి గట్టుకొని కూర్చుండువాడు చేయగల పని కాదిది. వేదవాదులు ఎముకలు 360 అనగా, శల్యతంత్రమున 300 మాత్రమే యని యాయన చెప్పెను. నేటి శారీరశాస్త్రము పెద్దవానికి 206 అనుచున్నది. దంతములను, మృదులాస్థులను చేర్చి లెక్కించుటచే నీ భేదము కలిగెనందురు, అట్లే యగుగాక. పెద్దల లెక్కకు భిన్నముగా తన లెక్క చెప్ప వెరవనివాని నామమును, లెక్కించుటకే వెరచువారు జపించుట వింతగా లేదా?

పాశ్చాత్యులకును ఈ జాడ్యము లేకపోలేదు. గేలెను కోతులను, పందులను కోసి మనుష్యదేహమును వర్ణించెను; క్రింది దవుడ రెండెముక లనెను. 1543లో వెసేలియసు మానవశవములను కోసి యొకటే యని చూపెను. అన్నమునుండి కాలేయమున రక్తము పుట్టి యవయవములలో వ్యయమగునన్న గేలెను మాట మాత్ర మింకను నిలిచెను. దానిని కూల్చినది కత్తి యొక్కటియే కాదు, ఎక్కము. 1628లో విలియము హార్వీ, గుండె నెమ్మదిగా కొట్టుకొను పాములను, చేపలను పరీక్షించి, పిదప నీ లెక్క వేసెను: దెబ్బకు అర ఔన్సు చొప్పున, అరగంటకు వేయి దెబ్బలైనచో, 500 ఔన్సులు! దేహములోని రక్తమంతయు దానిలో సగమైన నుండదు. అంత రక్తము అన్నమునుండి యెట్లు పుట్టును? పోయిన రక్తమే తిరిగి రావలెను. మా మూడవతరగతి బాలురు చేయగల గుణకారమిది. పదునాలుగు శతాబ్దముల పండితులు చేయలేదు.

మేము గణితము చెప్పి బ్రతుకువారము. మార్కులకై లెక్కలు నేర్పి, దేహమునకు దానితో నేమి పని యనుకొను పిల్లలను తయారుచేయుచున్నది మేమే. రొనాల్డు రాసు 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో దోమ కడుపును చీల్చి యందు మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. ఆతడే, దోమల నన్నింటిని చంపనక్కరలేదనియు, వాని సంఖ్య యొక హద్దునకు దిగువ నున్న చాలుననియు 1911 నాటి గ్రంథమున సమీకరణములతో చూపెను. ఆ యూరిలో పుట్టి పెరిగినవారిలో నిది యెరిగినవా రెందరో!

బొమ్మలున్నవి, యంత్రములున్నవి, శవమెందుకని కొందరు విద్యావంతు లడుగుదురు. బొమ్మలో గీసినవాని కెరుకయైనంతయే యుండును. ఏ రక్తనాళము ఏ మనుష్యునిలో పక్కకు తొలగియుండునో దేహమే చెప్పవలెను. ఇక శాస్త్రవిరోధమందురా? 1836లో కలకత్తా వైద్యకళాశాలలో శవము కోసిన మధుసూదన గుప్త, సంస్కృతకళాశాలలో ఆయుర్వేదము బోధించిన పండితుడు. దధీచి తన యెముకల నిచ్చిన కథను మన యిండ్లలో కన్నీళ్లతో వినుదుము; తండ్రి దధీచి కాబోయినచో తలుపులు మూయుదుము.

దాత యెంత వ్రాసినను, ఇంటివా రడ్డుపడినచో కళాశాలవారు బలవంతము చేయరు. కావున మేము మా పత్రమును వ్రాసి, దాచక, భోజనముల వేళ నందరియెదుట చదివితిమి. మా తల్లిగారు విస్తరి ముందునుండి లేచిపోయిరి. పెద్దకొమార్తె మాత్రము, ఎక్కడ సాక్షిసంతకము చేయవలెనని యడిగినది. వాగ్వాద మింకను తీరలేదు.